పువర్తి అడవి, అశోక చక్ర

2013 ఏప్రిల్‌లో అప్పటి ఖమ్మం జిల్లా సరిహద్దుకు అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా పువర్తి పరిసర అడవుల్లో, మావోయిస్టులతో పోరాడే పోలీసు దళం గ్రేహౌండ్స్ కమాండర్ కె. ప్రసాద్ బాబు ప్రాణాలు కోల్పోయారు. హోదా రిజర్వు సబ్ ఇన్‌స్పెక్టర్. దళంలో బాధ్యత అసాల్ట్ కమాండర్, అంటే దాడికి వెళ్లే చిన్న జట్టును ముందుండి నడిపించడం. మరణానంతరం ఆయనకు అశోక చక్ర ప్రకటించారు. 2014 జనవరి 26న ఢిల్లీ రాజ్‌పథ్‌లో, కవాతు మొదలయ్యే ముందు, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా ఆయన తండ్రి ఆ పతకం అందుకున్నారు. ఆ ఏడాది ముఖ్య అతిథి జపాన్ ప్రధాని షింజో అబే. మిగతా శౌర్య పతకాలను రాష్ట్రపతి భవన్‌లో వేరే రోజు ఇస్తారు. గణతంత్ర దినోత్సవ వేదిక మీద, దేశమంతా చూస్తుండగా ఇచ్చేవి పరమవీర చక్ర, అశోక చక్రలే.

పరమవీర చక్రకు సాటి అనిపించుకున్న ఈ పతకానికి ఒక నిబంధన ఉంది. శత్రు సైన్యానికి ఎదురు నిలిచి చేసిన పోరాటానికి దీన్ని ఇవ్వరు. అందుకే దీన్ని శాంతి సమయంలో ఇచ్చే అత్యున్నత శౌర్య పురస్కారం అంటారు. భద్రాచలం దాటి చర్ల వైపు అడవుల్లో ఆ ఏప్రిల్‌లో ఉన్నది శాంతి సమయమంటే అక్కడి కోయ గూడేల్లో ఎవరూ ఒప్పుకోరు. కాగితం మీద మాత్రం అది శాంతి సమయమే. ప్రసాద్ బాబును తలచుకునేటప్పుడు ఈ తేడాను దాటిపోవడానికి లేదు.

సరిహద్దు ఎక్కడుంది

భద్రాచలం నుంచి గోదావరి ఎడమ గట్టు వెంట పైకి వెళితే దుమ్ముగూడెం, ఆ తర్వాత దాదాపు 60 కిలోమీటర్ల దూరాన చర్ల వస్తాయి. ఇంకా పైన వెంకటాపురం, వాజేడు. ఈ మండలాలకు ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఛత్తీస్‌గఢ్ అడవి. కిందికి దిగితే కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, చింతూరు దాటగానే కుంట వస్తుంది. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి పోయేది ఈ దారినే. రహదారి వదిలి పక్కకు తిరిగితే రెండు రాష్ట్రాల మధ్య గీత ఎక్కడుందో చెప్పడం అటవీ శాఖ వాళ్లకు తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు. ఒక వాగుకు ఇవతల ఉన్న గూడెంవాళ్లు ఆడపిల్లను అవతలి గూడేనికి ఇచ్చుకుంటారు. చర్ల సంతకు అవతలి వైపు నుంచి నడిచి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కుంట ప్రాంతపు దొర్లల మాటలో సగం తెలుగే.

పాలనలో మాత్రం ఈ నేల చాలాసార్లు చేతులు మారింది. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది. అవతల మధ్యప్రదేశ్‌గా ఉన్న భాగం 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ అయింది. దంతెవాడ నుంచి విడదీసి 2012లో సుక్మాను జిల్లా చేశారు. ఇవతల 2014లో రాష్ట్రం విడిపోయి, పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ప్రసాద్ బాబు పనిచేసిన పోలీసు శాఖ, అప్పటి జిల్లా, అప్పటి రాష్ట్రం అన్నీ ఆయన పోయిన నాలుగేళ్లలోపే కొత్త హద్దుల్లోకి సర్దుకున్నాయి. మనిషిని గుర్తుపెట్టుకోవాల్సిన ఆఫీసే రెండైపోతే ఆ జ్ఞాపకాన్ని ఏ బీరువాలో పెట్టాలన్నది చిన్న చిక్కేమీ కాదు.

బీజాపూర్ జిల్లా పామేడు ఠాణా సంగతి చూస్తే ఈ సరిహద్దు స్వభావం ఇట్టే తెలుస్తుంది. పామేడు ఛత్తీస్‌గఢ్‌దే. కానీ సొంత జిల్లా కేంద్రం నుంచి అక్కడికి నేరుగా వెళ్లే దారి ఏళ్ల తరబడి మావోయిస్టుల అదుపులో ఉండేది. పోలీసులైనా, బియ్యమైనా తెలంగాణ మీదుగా చుట్టు తిరిగి చర్ల వైపు నుంచి చేరాల్సి వచ్చేది. లేదంటే హెలికాప్టరే గతి. తన ఠాణాకు తాను వెళ్లాలంటే పక్క రాష్ట్రం గుమ్మం తొక్కాల్సిన పరిస్థితి అది.

నడిచి వెళ్లే దళం

గ్రేహౌండ్స్‌ను 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఏర్పాటు చేశారు. అప్పటికి నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ పుట్టి తొమ్మిదేళ్లు. ఉత్తర తెలంగాణ రోడ్ల మీద మందుపాతరలకు జీపులు, వ్యాన్లు పేలిపోతున్న రోజులు. వ్యాస్ ఎంచుకున్న పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. బండి ఎక్కొద్దు, దారి పట్టొద్దు, ఊళ్లో ఆగొద్దు. చిన్న జట్లుగా విడిపోయి, తిండీ నీళ్లూ మూపున వేసుకుని, రాత్రిపూట నడిచి, పగలు పొదల్లో పడుకోవాలి. నక్సలైట్ దళాలు అడవిలో ఎలా బతుకుతాయో అలాగే బతకాలి. జిల్లా పోలీసుల్లోంచి వయసులో ఉన్నవాళ్లను ఏరి, కొన్నేళ్లు ఉంచుకుని, తిరిగి మాతృ విభాగానికి పంపేవారు. అదనపు భత్యం ఇచ్చేవారు. స్థాపకుణ్ని మాత్రం అడవి కాకుండా నగరమే పొట్టనబెట్టుకుంది. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా వ్యాస్‌ను కాల్చి చంపారు.

ఈ అడవుల్లో పోలీసులు బయటి బలగాన్ని దించడం గ్రేహౌండ్స్‌తో మొదలైంది కాదు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటాన్ని అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. అంతకు ముందు 1922 సెప్టెంబర్‌లో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు మాటులో చిక్కి చనిపోయారు. ఘాట్ దారిలో వరుసగా నడిచే బలగం ఎంత తేలిగ్గా దొరికిపోతుందో అప్పుడే తేలింది. తొంభై ఏళ్ల తర్వాత కూడా అడవి నేర్పే పాఠం మారలేదు. ఎవరు ముందుగా చూస్తే వాళ్లదే గెలుపు.

2004 సెప్టెంబర్‌లో పీపుల్స్ వార్, మరో నక్సలైట్ పార్టీ ఎంసీసీఐ కలిసి సీపీఐ (మావోయిస్టు) అయ్యాయి. ఆ అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి, 2005 మొదట్లో చెడిపోయాయి. తర్వాతి రెండు మూడేళ్లలో నల్లమలలోనూ ఉత్తర తెలంగాణలోనూ దళాలు బాగా దెబ్బతిన్నాయి. మిగిలిన నాయకత్వం గోదావరి దాటి దండకారణ్యంలోకి జరిగింది. దాంతో గ్రేహౌండ్స్ పని కూడా సరిహద్దు దాటింది. అప్పటిదాకా తెలిసిన గుట్టలు, తెలిసిన మాట, కబురు అందించే మనుషులు ఉన్న చోట పనిచేసిన దళం ఇక ఇవేవీ లేని చోటికి వెళ్లాల్సి వచ్చింది. దీని ఖరీదు 2008 జూన్ 29న బలిమెలలో తెలిసింది. ఒడిశాలోని ఆ జలాశయంలో పడవ మీద వెళ్తున్న బలగంపై గుట్టల మీది నుంచి కాల్పులు జరిగాయి. 38 మంది చనిపోయారు, వారిలో ఎక్కువ మంది గ్రేహౌండ్స్ వాళ్లే. నడిచి వెళ్లే దళం పడవెక్కిన రోజు అది.

ఏప్రిల్ అడవి

ఏప్రిల్ నాటికి ఈ అడవి పలచబడుతుంది. టేకు ఆకు రాలిపోయి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. అడుగు వేస్తే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. వాగులు ఎండి నీళ్లు అక్కడక్కడ చెలమల్లోనే మిగులుతాయి. ఆ చెలమ దగ్గరికే పశువూ రావాలి, గూడెం ఆడవాళ్లూ రావాలి, దళమూ రావాలి, పోలీసూ రావాలి. ఇప్పపువ్వు ఏరడం అప్పటికే మొదలై ఉంటుంది, వెంటనే తునికాకు కోత వస్తుంది. అడవంతా మనుషులు తిరిగే కాలం. దాక్కోవడం కష్టం, దూరం నుంచి చూడటం తేలిక. మావోయిస్టులు మార్చి నుంచి జూన్ దాకా ఎదురుదాడుల కాలంగా పెట్టుకోవడానికి ఇదొక కారణం. 2010 ఏప్రిల్ 6న సుక్మా వైపు తాడిమెట్లలో 76 మంది బలగాలు నేలకొరిగిందీ, 2013 మే 25న ఝీరం ఘాటీలో కాంగ్రెస్ నాయకుల వాహనాలపై దాడి జరిగిందీ, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయిందీ ఈ కాలంలోనే. ప్రసాద్ బాబు మరణం ఝీరం ఘాటీకి ఐదారు వారాల ముందు జరిగింది. దేశం కళ్లు పూర్తిగా అటు తిరగని రోజులవి. తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో మాత్రం ఆ వార్తకు చోటు పెద్దగానే దొరికింది.

2013 ఏప్రిల్ 16న పువర్తి దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో తొమ్మిది మంది మావోయిస్టులు చనిపోయారు. గ్రేహౌండ్స్‌కు అది పెద్ద ఆపరేషనే. కానీ ఇలాంటి వాటిలో అసలు ప్రమాదం కాల్పులు ఆగిన తర్వాత మొదలవుతుంది. తుపాకి చప్పుడు గుట్ట గుట్టకూ పాకుతుంది. చుట్టుపక్కల దళాలు, మిలీషియా గుమికూడతాయి. వచ్చిన జట్టుకు అప్పటికే నీళ్లు అయిపోతుంటాయి, తూటాలు తగ్గుతాయి, ఎండకు ఒళ్లు సోలిపోతుంది. పైగా మృతదేహాలు, స్వాధీనం చేసుకున్న తుపాకులు మోయాలి. సరిహద్దులో ఎదురుకాల్పులు ఏ వైపు జరిగినా శవాలు చాలాసార్లు భద్రాచలం ఏరియా ఆసుపత్రికే చేరేవి. నడిచి వచ్చిన దారినే తిరిగి నడవడం ఆత్మహత్యతో సమానం, ఎందుకంటే ఆ దారి ఇప్పుడు అందరికీ తెలుసు. ఇక మిగిలేది హెలికాప్టర్.

తిరిగి వెళ్లే ఈ దశలోనే మావోయిస్టులు పెద్ద సంఖ్యలో చుట్టుముట్టి కాల్పులు జరిపారు. సహచరులు క్షేమంగా బయటపడేలా ప్రసాద్ బాబు వారికి అండగా నిలిచి ఎదురు కాల్పులు జరుపుతూ ప్రాణాలు విడిచారు. అశోక చక్ర దక్కింది ఈ తెగువకే. అంతకు ముందు జరిగిన దాడిలో ఆయన చూపిన నాయకత్వం కూడా లెక్కలోకి వచ్చింది. కానీ పతకం స్థాయిని నిర్ణయించింది మాత్రం వెనక్కి మళ్లే వేళ ఆయన వెనక ఉండిపోవడమేనని చెప్పవచ్చు.

చివరి విడత

హెలికాప్టర్ అడవిలోంచి మనుషుల్ని ఎత్తుకుపోవడం చూడటానికి తేలికైన పనిలా ఉంటుంది. లెక్క వేస్తే కాదు. నక్సల్ ప్రాంతాల్లో వైమానిక దళం 2009 నుంచి వాడుతున్నవి ప్రధానంగా ఎంఐ-17 రకం. అందులో ఇరవై నాలుగు మంది దాకా పడతారని పుస్తకాల్లో ఉంటుంది. ఏప్రిల్ ఎండలో గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది కాబట్టి అంత బరువు ఎత్తదు. అడవిలో అది దిగడానికి చదునైన, చెట్లు లేని జాగా కావాలి. అలాంటి జాగాలు ఆ ప్రాంతంలో చాలా తక్కువ. అవి ఎక్కడున్నాయో అవతలివాళ్లకూ తెలుసు. చప్పుడు ముందే వినబడుతుంది, దుమ్ము చెట్ల మీదికి లేస్తుంది. జట్టు పెద్దదైతే ఒక్క విడతలో అందరూ వెళ్లలేరు. మొదటి విడత ఎక్కేటప్పుడు మిగిలినవాళ్లంతా చుట్టూ పడుకుని కాపలా కాస్తారు. ప్రతి విడతకూ కాపలా తుపాకులు తగ్గుతాయి. చివరి విడతకు వచ్చేసరికి ఎక్కాల్సినవాళ్లే కాపలా కాయాలి. కాపలా వదిలితే తప్ప ఎక్కలేరు. ఈ ముడి విప్పే ఉపాయం ఏ సైనిక పాఠశాలలోనూ పూర్తిగా దొరకలేదు. సాధారణంగా జట్టు నాయకుడే ఆఖరున ఉంటాడు.

ఇలాంటి ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో మూడు నెలల ముందే ఇదే జిల్లాలో తెలిసింది. 2013 జనవరి 18న సుక్మాలో క్షతగాత్రుల కోసం వెళ్లిన వైమానిక దళ హెలికాప్టర్‌కు తూటాలు తగిలి అత్యవసరంగా కింద దిగాల్సి వచ్చింది. గాయపడిన రాష్ట్ర పోలీసు వైర్‌లెస్ సిబ్బందిని అందులోనే ఉంచి, మిగిలినవారు దగ్గరలోని శిబిరానికి నడిచి వెళ్లారు. ఆ మనిషి తర్వాత క్షేమంగా దొరికినా, ఎవరిని ఎవరు వదిలి వెళ్లాలన్న ప్రశ్న మీద వైమానిక దళానికీ హోం శాఖకూ మధ్య పెద్ద దుమారమే రేగింది. ఏప్రిల్‌లో అడవిలోకి దిగిన ప్రతి జట్టుకూ ఆ వార్త తెలిసే ఉంటుంది.

సైన్యానికి కూడా ఇది తెలియని గాయం కాదు. శ్రీలంకలో భారత శాంతి సేన ఉన్నప్పుడు, 1987 అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో పారా కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులను హెలికాప్టర్లలో దించారు. కాల్పులు తీవ్రమై తర్వాతి విడతలు దిగలేకపోయాయి. అప్పటికే దిగిన 30 మంది సిక్కు సైనికుల్లో 29 మంది చనిపోయారు, ఒక్కరు పట్టుబడ్డారు. దించడంలోనైనా ఎత్తడంలోనైనా, విడతల మధ్య ఖాళీలో ఉండిపోయిన మనుషులదే ఆ నష్టమంతా.

పారా దళాలు, అదే పతకం

పారాట్రూపర్ అనగానే గొడుగు కట్టుకుని విమానంలోంచి దూకే సైనికుడు గుర్తొస్తాడు. మెరూన్ టోపీ, ఆగ్రా శిక్షణ కేంద్రం, రెక్కల బ్యాడ్జి. భారత సైన్యం యుద్ధంలో గొడుగులతో పెద్ద ఎత్తున దూకిన సందర్భం మాత్రం చెప్పుకోదగ్గది ఒక్కటే. 1971 డిసెంబర్ 11న బంగ్లాదేశ్‌లోని టంగైల్ వద్ద 2 పారా బెటాలియన్ దిగింది. ఆ తర్వాత పారా ప్రత్యేక దళాల పని ఎక్కువగా అడవుల్లో, కొండల్లో, కాలినడకన, రాత్రిపూట సాగింది. గ్రేహౌండ్స్ చేసే పనికీ దీనికీ పోలిక వాళ్ల అశోక చక్రల జాబితాలోనే కనిపిస్తుంది. 9 పారాకు చెందిన కెప్టెన్ అరుణ్ సింగ్ జస్రోటియా 1995లో లోలాబ్ లోయలో, మేజర్ సుధీర్ కుమార్ వాలియా 1999లో కుప్వారా జిల్లా హఫ్రుదా అడవిలో, పారాట్రూపర్ సంజోగ్ ఛేత్రి 2003లో సూరన్‌కోట్ వైపు కొండల్లో చనిపోయారు. 2 పారాకు చెందిన కెప్టెన్ ఆర్. హర్షన్ 2007లో, 10 పారా హవల్దార్ బహదూర్ సింగ్ బోహ్రా 2008లో, 9 పారా లాన్స్ నాయక్ మోహన్ నాథ్ గోస్వామి 2015లో నేలకొరిగారు. అందరికీ అశోక చక్రే, అందరికీ మరణానంతరమే. చుట్టూ దేవదారు చెట్లున్నా టేకు చెట్లున్నా మాటు ఒకటే, ఎదురుపడే దూరమూ ఒకటే.

తెలుగు నేల నుంచి పారా దళాలకు వెళ్లినవారున్నారు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. అది యుద్ధం కాదు, ప్రమాదం. యుద్ధంలో చనిపోయిన పారా వీరుడంటే సైన్యంలో ముందుగా తలచుకునేది 50వ పారాచూట్ బ్రిగేడ్ కమాండర్ బ్రిగేడియర్ మహ్మద్ ఉస్మాన్‌ను. 1948 జులై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండుకు బలైన ఆయనకు మహావీర చక్ర వచ్చింది.

శత్రువు ఎవరు

పతకాల భాషలో అసలు విషయం ఈ ప్రశ్నలో ఉంది. పరమవీర, మహావీర, వీర చక్రలు శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి. అశోక, కీర్తి, శౌర్య చక్రలు అలా కాని సందర్భాలకు. ఈ రెండో వరుసను 1952 జనవరి 4న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. మొదట అశోక చక్ర ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అనేవారు, 1967లో ఇప్పటి పేర్లు పెట్టారు. సైనికులతో పాటు పోలీసులకూ, మామూలు పౌరులకూ ఇవ్వొచ్చు. పతకం బంగారు పూత పూసిన గుండ్రని బిళ్ల, మధ్యలో అశోక చక్రం, చుట్టూ తామర రేకుల తీగ. ఆకుపచ్చ రిబ్బన్, నడిమిన కాషాయ గీత.

మొదటి అశోక చక్రల్లో రెండింటికి హైదరాబాద్ సంస్థానమే కారణం. 1948 సెప్టెంబర్ 13న, పోలీసు చర్య మొదటి రోజున, నల్దుర్గ్ వైపు హవల్దార్ బచిత్తర్ సింగ్ చనిపోయారు. అదే రోజు తుంగభద్ర రైలు వంతెన దగ్గర గూర్ఖా నాయక్ నర్ బహదూర్ థాపా మెషిన్‌గన్ మీదికి కత్తితో ఒంటరిగా వెళ్లారు. నిజాం సైన్యం శత్రువు కాదు, దాని మీద జరిగింది యుద్ధం కాదు అన్నది ఢిల్లీ మాట. కాబట్టి ఇద్దరికీ దక్కింది శాంతి కాలపు పతకమే. హైదరాబాద్ సంస్థానంలో మొదలైన ఈ వాడుక అరవై ఐదేళ్ల తర్వాత మళ్లీ తెలంగాణ అంచున ప్రసాద్ బాబు దగ్గరికి వచ్చింది.

పక్కన ఇంకొక పేరు పెట్టి చూస్తే విచిత్రం తెలుస్తుంది. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గాల్వాన్ లోయలో చనిపోయారు. అక్కడ తుపాకి పేలలేదు, కర్రలు, రాళ్లు, ఇనుప మేకులతో కొట్టుకున్నారు. చైనాతో యుద్ధం ప్రకటించలేదు. అయినా ఎదుట ఉన్నది పరాయి దేశ సైన్యం కాబట్టి మహావీర చక్ర. కార్గిల్‌లో 1999 జూన్ 28న చనిపోయిన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్యకూ అదే. పువర్తిలో ఆటోమేటిక్ తుపాకుల మధ్య చనిపోయిన మనిషికి శాంతి కాలపు పతకం. దీన్ని చిన్నచూపు అనుకోనక్కర్లేదు. ప్రభుత్వం పెట్టుకున్న వరుసలో భారతరత్న, పరమవీర చక్ర తర్వాత వచ్చేది అశోక చక్రే. మహావీర చక్ర దానికి చాలా కింద ఉంటుంది. ఎదుటివాళ్లు కూడా ఈ దేశ పౌరులే కాబట్టి వాళ్లను శత్రువు అనడానికి రాజ్యానికి నోరు రాదు, రాకూడదు కూడా. ఎదురుకాల్పుల కథనాల మీద పౌరహక్కుల సంఘాలు దశాబ్దాలుగా ప్రశ్నలు వేస్తున్నాయి. సల్వాజుడుం పేరిట ఆదివాసీ యువకులకు తుపాకులివ్వడం చెల్లదని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మంటకు కాలి సరిహద్దు ఇవతలికి వచ్చిన గుత్తికోయలు ఈనాటికీ చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో కరెంటు లేని గుడిసెల్లో బతుకుతున్నారు. అంతా కలిపి చూస్తే శత్రువు అనే మాట వాడని పతకమే ఇక్కడికి సరిపోయేదిగా కనిపిస్తుంది.

తలచుకునే పద్ధతులు

ఈ సరిహద్దులో చనిపోయినవారికి రాయి నిలబెట్టడం చాలా పాత అలవాటు. పినపాక మండలం జానంపేట దగ్గర బృహత్ శిలాయుగపు రాకాసి గూళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కోయలు తమ పెద్దల పేరిట నిలువు రాళ్లు పాతేవారు. అవతల బస్తర్‌లో మాడియాలు చెక్క స్తంభాలు, రాతి పలకలు నిలిపి, వాటి మీద పోయిన మనిషి వాడిన వస్తువుల బొమ్మలు వేస్తారు. ఇప్పుడు ఈ నేల మీద ఇంకో రెండు రకాల గుర్తులున్నాయి. మావోయిస్టులు ఊళ్లలో ఎర్ర స్థూపాలు కట్టారు. చారు మజుందార్ చనిపోయిన జులై 28 నుంచి వారం రోజులు అమరుల సంస్మరణ వారం జరుపుతూ వచ్చారు. ఆ వారం ఏజెన్సీ బస్సులు చీకటి పడకముందే డిపోకు చేరేవి. పోలీసుల వైపు అక్టోబర్ 21 ఉంది. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయినందుకు దేశమంతా ఆ రోజును పోలీసు అమరవీరుల సంస్మరణ దినంగా పాటిస్తుంది. జిల్లా కేంద్రాల్లో తుపాకులు తలకిందులు చేసి, ఏడాదిలో చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. పేరు ఆ ఏడాది చదువుతారు, మరుసటి ఏడాది కొత్త జాబితా వస్తుంది.

ఢిల్లీలో రెండు స్మారకాలు విడివిడిగా ఉన్నాయి. ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. పరమవీర చక్ర గ్రహీతలకు అందులో ప్రత్యేక ప్రాంగణం ఉంది. చాణక్యపురిలోని జాతీయ పోలీసు స్మారకం అంతకు నాలుగు నెలల ముందు, 2018 అక్టోబర్ 21న ప్రారంభమైంది. అక్కడి గోడ మీద స్వాతంత్ర్యం తర్వాత విధుల్లో చనిపోయిన 34 వేలకు పైగా పోలీసుల పేర్లు చెక్కారు. సందర్శకుల బస్సులు ఆగేది ఎక్కువగా మొదటి దాని దగ్గరే.

పువర్తి తర్వాత

ప్రసాద్ బాబు మరణంతో సరిహద్దు చల్లబడలేదు. 2018 మార్చి 2న వెంకటాపురం వైపు సరిహద్దు అడవుల్లో పది మంది మావోయిస్టులు, ఒక గ్రేహౌండ్స్ కమాండో చనిపోయారు. 2021 ఏప్రిల్ 3న పువర్తికి దగ్గర్లోనే తెకల్‌గూడెం వద్ద మాటులో 22 మంది బలగాలు నేలకొరిగారు. పువర్తి మావోయిస్టు నాయకుడు మడావి హిడ్మా సొంత ఊరు కావడంతో ఆ పేరు దేశమంతా వినిపించింది. 2024 ఫిబ్రవరిలో భద్రతా బలగాలు ఆ ఊళ్లో శిబిరం వేశాయి. 2025 ఏప్రిల్, మే నెలల్లో ములుగు సరిహద్దులోని కర్రెగుట్టల మీద మూడు వారాలు సాగిన ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారని అధికారులు ప్రకటించారు. అదే సమయంలో మే 8న వాజేడు, పేరూరు అడవుల్లో మందుపాతర పేలి ముగ్గురు తెలంగాణ గ్రేహౌండ్స్ సిబ్బంది మరణించారు. పాకిస్తాన్‌తో సైనిక చర్య నడుస్తున్న రోజులు కావడంతో టీవీల్లో ఆ వార్త కాసేపే నిలిచింది. నవంబర్ 18న మారేడుమిల్లి అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో హిడ్మా చనిపోయాడు.

శిబిరాల వెంట రోడ్లు వస్తున్నాయి. రోడ్డు ఉన్న చోట క్షతగాత్రుణ్ని బండి మీద తీసుకుపోవచ్చు, అదనపు బలగం గంటల్లో చేరుకోవచ్చు. 2013లో పువర్తికి అలాంటి రోడ్డు లేదు.